జిప్ అను ధ్వని

ఒహాయో రాష్ట్రమున చలికాలము ప్రవేశించినది మొదలు, బడికి బయలుదేరు పిల్లలు దళసరి కోటు తొడిగికొని జిప్పు రన్నరును నడుము నుండి గొంతు వరకు ఒక్క ఊపున లాగగా, రెండు వరుసల పళ్లును ఒకదానిలో నొకటి యిమిడిపోవుచు చేయు శబ్దము ప్రతి యింటను వినవచ్చును. ఆ శబ్దమే ఆ వస్తువునకు నామధేయమైన వృత్తాంతము నాకు మిక్కిలి ప్రీతికరము.

గాలిని చీల్చికొని దూసికొనిపోవు తుపాకిగుండు రొదకును, గుడ్డ సర్రున చినిగిన చప్పుడునకును అనుకరణముగా 'జిప్' అను మాట పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లమున వాడుకకు వచ్చినది. స్వీడనున జన్మించి అమెరికాకు వలస వచ్చిన గిడియన్ సండ్‌బ్యాక్ అను ఇంజనీరు, అంగుళమునకు పది పళ్ల చొప్పున అమర్చి, నేటి జిప్పునకు మూలమైన సాధనమునకు 1917లో పేటెంటు పొందెను గాని, అప్పటికి దానికి ఈ పేరు లేదు. మా రాష్ట్రములోని యాక్రన్ నగరపు గుడ్రిచ్ రబ్బరు కంపెనీ 1923లో దానిని రబ్బరు బూట్లకు అమర్చి, ఆ బూట్లకు 'జిప్పర్' అని పేరిడగా, కాలక్రమమున బూట్ల పేరు బిగింపునకే స్థిరపడినది. 1963లో అమెరికా తపాలాశాఖ చిరునామాలకు అయిదంకెల సంఖ్యను ప్రవేశపెట్టినప్పుడు, ఉత్తరములు వడిగా చేరునను భావము స్ఫురించునట్లు, ఆ పథకపు పేరులోని మొదటి అక్షరములను 'జిప్' అని కూర్చెను. వేగముగా పోవుటకును, నోరు మూసికొనుమనుటకును, ఆటలో సున్నకును ఇక్కడివారు ఈ మాటనే వాడుదురు.

మన ధ్వన్యనుకరణముల నడక వేరు. అవి తరచుగా జంటగా వచ్చును. క్రియ కావలసినప్పుడు 'అను', 'ఆడు' మున్నగువాని చేయూత గొని, గలగలమనును, చిటపటలాడును. ఆంగ్లమునందో, ఒంటరి శబ్దమే ఏ తోడును లేక నామమును క్రియయు కాగలదు.

ఈ దేశమున పెరుగు మన బిడ్డలకు 'జిప్' ఎవ్వరును నేర్పలేదు, విని గ్రహించిరి. తెలుగు శబ్దములును ఆ విధముననే అబ్బవలెను. పోపులో ఆవాలు చిటపటలాడుచుండగా, కిటికీ ఆవల వాన జోరున కురియుచుండగా, ఆ క్షణముననే ఆ మాటను పిల్లల చెవిని వేసినచో అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. విదేశమున తెలుగు నేర్పదలచిన తల్లిదండ్రులు అక్షరమాలకు ముందే ఈ మాటలతో ఆరంభింపవలెనని నా మనవి.