చిక్కుపడ్డ వలను లాగకూడదు

మేమంటే దివిసీమ యానాది ఇళ్లలో పుట్టి బడిపంతుళ్లమైన ముగ్గురం. అంగలూరు డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ చేసి, డీఎస్సీ–2008లో ఉద్యోగాలు తెచ్చుకున్నాం. మా పెద్దవాళ్లు పొలం గట్ల మీద ఎలుకలు పట్టారు, మడ అడవి పాయల్లో పీతలు పట్టారు. మేం బలపం పట్టాం.

ఆదివారాలు మా కాలనీలో చదువు ఆగిపోయిన పిల్లలతో కూర్చుంటాం. పది తప్పినవాళ్లు, ఇంటర్ మధ్యలో వదిలేసినవాళ్లు, డీఎడ్ చేసి ఇంట్లో ఉన్నవాళ్లు వస్తారు. ఈ పనిలో మేం చేసిన ఒక తప్పు గురించే ఈ నాలుగు మాటలు.

డీఎస్సీ కోచింగ్ అంటే రాష్ట్రమంతా అవనిగడ్డ పేరే చెబుతారు. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి పిల్లలు వచ్చి ఇక్కడ గదులు తీసుకుని చదువుతారు. ఆ ఊరికి సైకిలు మీద వెళ్లగలిగినంత దూరంలో ఉన్న మన పిల్లలకు మాత్రం ఫీజు కట్టే దారి ఉండదు. ఒకపూట పని మానితే ఆ పూట కూలి పోతుంది. అందుకే మాకు తెలిసింది మేమే చెబుదామని మొదలుపెట్టాం.

2018 డీఎస్సీ తర్వాత మళ్లీ ఉద్యోగాలు భర్తీ అయింది 2025లోనే. మధ్యలో ఏడేళ్లు పోయాయి. 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. ఉన్నవాళ్ల పిల్లలు ఆ ఏడేళ్లూ పుస్తకం ముందే కూర్చోగలిగారు. మనవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, అప్పులయ్యాయి, చెరువుల మీద కాపలా పనులు వచ్చాయి.

అలా ఆగిపోయిన అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల ఇంట్లో పది దాటిన మొదటి మనిషి. డీఎడ్ చేసింది, 2018లో టెట్ పాసయింది, డీఎస్సీలో పోయింది. తర్వాత భర్తతో కలిసి నాగాయలంక వైపు రొయ్యల చెరువు కాపలాకు వెళ్లింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. దరఖాస్తుకు మే 15 గడువు. కబురు పెడితే ఒక ఆదివారం వచ్చింది.

ఆ రోజు మేం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం మాట్లాడాం. కిరోసిన్ దీపం కింద చదువుకున్నామని ఒకరం, మజ్జిగన్నం మూట కట్టుకుని అంగలూరు వెళ్లామని ఒకరం. "మేం చదవలేదా? నీకేం తక్కువ?" అన్నాం. తలూపుతూ విన్నది. సరే మాస్టారూ అన్నది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

మన పిల్లల సంగతి మనకు తెలిసుండాల్సింది. ఎదురు చెప్పరు. బడిలోనూ అంతే, టీచరు కోప్పడితే ఏడవరు, వాదించరు, మర్నాటి నుంచి రారు. ఆ తలూపడాన్ని మేం ఒప్పుకోలు అనుకున్నాం.

మాలో ఒకరి నాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటూ మా గోడు విన్నాడు. "చిక్కుపడ్డ వలని ముగ్గురు మూడు పక్కల లాగితే ఏమవుద్దిరా? ముడి బిగుస్తది. తడిపి, వదులు చేసి, కొస ఎక్కడుందో వెతకాలి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం చెరువు దగ్గరికి మేమే వెళ్లాం. ఈసారి సొంత కథలు చెప్పకూడదని ముందే అనుకున్నాం. ఆమె మేత బస్తాలు సర్దుతోంది. పక్కన కూర్చుని ఒకటే అడిగాం: "దరఖాస్తు పెడదామని నువ్వు ఆఖరుసారి అనుకున్నది ఎప్పుడమ్మా? అప్పుడు చెయ్యి ఎక్కడ ఆగింది?"

చాలాసేపు మాట్లాడలేదు. మేమూ ఊరుకున్నాం. చివరికి చెప్పింది. టెట్ సర్టిఫికెట్ ఏడేళ్లే పనికొస్తుందట, తనది చెల్లిపోయిందట. మధ్యలో వచ్చిన టెట్‌లు రాయలేదు కాబట్టి ఆ మాట మాకు చెప్పడానికి సిగ్గేసిందట.

మాకు నోట మాట రాలేదు. టెట్ అర్హత జీవితాంతం చెల్లుతుందని 2021లోనే నిబంధన మారింది. మాకది తెలుసు. ఆమెకు తెలియదు. ఏడేళ్ల చదువు దగ్గర ఆగిపోయిందని మేం అనుకున్న మనిషి నిజానికి ఒక్క కాగితం దగ్గర ఆగింది. కష్టపడమని చెప్పాం గానీ ఆ కాగితం సంగతి అడగలేదు.

గడువు లోపలే దరఖాస్తు పెట్టింది. సిలబస్ అంతా ముందు పెట్టలేదు. "రోజుకు ఎంతసేపు నీ చేతిలో ఉంటుంది?" అని అడిగితే ఎయిరేటర్లు వేశాక రాత్రి ఒక గంట అన్నది. ఆ గంటకు సరిపడా మూడో తరగతి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టింది.

శిక్షణలో మనమంతా వైగాట్‌స్కీని చదివాం. పిల్లలు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవాళ్ల సాయంతో చేయగలిగినదానికీ మధ్య జాగాలోనే నేర్చుకోవడం జరుగుతుందని ఆయన చెప్పాడు. సామీప్య వికాస మండలం అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. పెద్దవాళ్లకూ అదే వర్తిస్తుందని మాకు ఆ చెరువు గట్టు మీద అర్థమైంది.

ఆమెకు ఉద్యోగం రాలేదు. కొద్ది మార్కుల్లో పోయింది. ఫలితాలొచ్చాక మళ్లీ మాయమవుతుందేమోనని భయపడ్డాం. ఆదివారం తనే వచ్చింది, వెంట చెరువుల మీది పిల్లల్ని నలుగురిని తీసుకుని. "వీళ్లు బడి మానేశారు మాస్టారూ, రాత్రిపూట నేను చెబుతున్నాను" అన్నది. తన మార్కుల గురించి కూడా చెప్పింది. "లెక్కల్లో భిన్నాల దగ్గర పోయింది. ఈసారి అక్కణ్ణించి మొదలెడతాను." ఏడేళ్లలో మొదటిసారి తన చిక్కు ఎక్కడుందో తనే చూపించింది.

తోటి టీచర్లకు మా మనవి ఒకటే. ఆగిపోయిన పిల్లకు ధైర్యం చెప్పే ముందు ఎక్కడ ఆగిందో అడగండి. ఆధార్‌లో పేరు తప్పా, కుల ధృవీకరణ పత్రమా, ఇంట్లో తీసుకున్న అడ్వాన్సా, ఒక పాఠమా? అడిగాక జవాబు వచ్చేదాకా ఊరుకోండి. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పేది కూడా ఉంది. మేం మూడు పక్కల లాగుతుంటే తలూపి వెళ్లిపోకండి. "మాస్టారూ, ముడి అక్కడ లేదు" అనండి. మాకు కోపం రాదు. వచ్చినా అరుగు మీద వల కట్టే పెద్దాయన ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు.