జావా మీద జంటనగరాలు

ఆదివారం. తెల్లవారి ఐదున్నర. మారేడుపల్లిలో ఆ వీధికి పాలప్యాకెట్లు కూడా ఇంకా రాలేదు. గేటు తీసిన చప్పుడు. ఆ వెంటనే, ఎడమ కాలితో ఒక్క కిక్కు... టప్, టప్, టపటపటప! ఇరుగుపొరుగుకి అదే అలారం.

బండి 1971లో మైసూరులో తయారైన జావా. రైల్వేలో పనిచేసే తండ్రి ముచ్చటపడి కొన్నది. బ్యాంకు ఉద్యోగం చేసిన కొడుకు ఈమధ్యే రిటైరయ్యారు. బండి మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు! కూరగాయలకైనా, మనవరాలిని స్కూల్లో దింపడానికైనా ఆయనకి అదే కావాలి. ఆదివారం వస్తే గండిపేట దాకా షికారు.

ఈ బండి తీరే వేరు. కిక్కు రాడ్డు, గేరు రాడ్డు రెండూ ఒకటే. వెనక్కి లేపి తంతే స్టార్టవుతుంది, ముందుకు వాలిస్తే గేరవుతుంది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఇంజిన్‌కి సిలిండర్ ఒక్కటే, పొగగొట్టాలు మాత్రం రెండు. 1929లో ప్రాగ్‌లో పుట్టిన కంపెనీ ఇది. జానెచెక్, వాండరర్ అనే రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే జావా. మైసూరు ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. తర్వాత బండి పేరు యెజ్డీగా మారింది. 1996లో ఫ్యాక్టరీయే మూతపడింది. 2018లో జావా పేరు మళ్లీ షోరూముల్లోకి వచ్చిందనుకోండి, అవి వేరే బళ్లు. వాటి పార్టులు దీనికి పట్టవు.

క్లాక్ టవర్ దాటేసరికి ఆయన చెవులు రిక్కిస్తారు. చూడక ముందే, శబ్దాన్నిబట్టి ఏ బండో చెప్పేస్తారు మరి! వెనకనుంచి సన్నగా, కోపంగా దూసుకొచ్చేది ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చి 1996లో ఆగిపోయినా కుర్రకారుకి దానిమీద మోజు తీరలేదు. రాణీగంజ్‌లో విడిభాగాల దుకాణాల షట్టర్లన్నీ దించి ఉంటాయి. ట్యాంక్‌బండ్ మీద గాలి చల్లగా తగులుతుంది. ఎదురుగా తాపీగా ‘డుగ్ డుగ్’మంటూ పాత బుల్లెట్. కుడికాలితో గేరు మార్చే రకం. ఇద్దరూ తలలూపుకుంటారు. పేర్లు తెలియవు, బళ్లు తెలుసు. ఆ పరిచయం చాలు.

మెహదీపట్నం సిగ్నల్ దగ్గర అదృష్టం పండిందంటే పాల క్యాన్లు తగిలించుకున్న రాజ్‌దూత్ కనిపిస్తుంది. దాని మూలాలు పోలండ్‌లో. బుల్లెట్‌ది ఇంగ్లండ్, ఆర్‌ఎక్స్‌ది జపాన్, జావాది చెక్ దేశం. నాలుగు దేశాల చుట్టరికం ఒకే ఉదయం, ఒకే దారిలో! లంగర్‌హౌస్ దాటాక రోడ్డు కాస్త ఖాళీ. గండిపేట చేరాక ఇంజిన్ ఆపి, చెరువు వైపు తిరిగి కూర్చుంటారు. 1908 మూసీ వరదల తర్వాత కట్టాలనుకున్న జలాశయం ఇది, 1920లో పూర్తయింది. పాతదే అయినా ఇప్పటికీ పనికొస్తున్నదంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం.

ఆ అభిమానానికే ఇప్పుడో చిక్కొచ్చింది. బండికి యాభై దాటాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అలాంటి బండిని ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ మెలిక ఒకటుంది. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. అది వద్దంటే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి.

కొడుకు వింటేజే మేలంటాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. టూ స్ట్రోక్ బండి ఆయిల్ని కూడా మండిస్తుంది, పొగ ఎక్కువ. ఆ సంగతి పెద్దాయనకీ తెలుసు. అందుకే ఆయిల్ కొలత చుక్క తేడా రానివ్వరు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేస్తారు. పైగా ఆ ఇంజిన్ విప్పి బిగించగల మెకానిక్కు కూడా ముసలివాడైపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు లేడు. ఎన్నాళ్లని నడుపుతారు?

వారం రోజులు ఆలోచించారు. చివరికి ఐదేళ్ల పొడిగింపు దరఖాస్తే నింపారు. నడవని బండికి తుప్పు పడుతుందని, సీళ్లు ఎండిపోతాయని కొడుక్కి కారణం చెప్పారు. అది నిజమే. అసలు కారణం మాత్రం హాల్లో గోడమీద ఉంది. అక్కడ నాన్న ఫొటోకి దండ వేశారు. నాన్న బండికి మాత్రం అప్పుడే దండ వేయడానికి ఆయనకి మనసొప్పలేదు.