వెల్లకిల నడిచే పురుగు

పుదుచ్చేరి నుండి కడలూరు పోయే రహదారిమీద కిరుమాంబాక్కం వద్ద బస్సు దిగితే, తూర్పునుంచి సముద్రపు గాలి పలకరిస్తుంది. పడమట బాహూరు వరకు వరిచేలు, కొబ్బరితోటలు. నాకు ఆతిథ్యమిచ్చిన రైతు కుటుంబానిది ఇంట తెలుగు, చేలో తమిళం.

ఆ ఉదయం వేరుసెనగ చేనికి తోలడానికి పెంటకుప్ప త్రవ్వుతూ ఉంటే, పారతోపాటు తెల్లని పురుగులు దొర్లిపడ్డాయి. గోధుమరంగు తల, కొడవలిలా వంగిన మెత్తని ఒడలు.

"వేరుపురుగే బాబూ! ఈ ఎరువు చల్లితే చేనంతా ఎండిపోతుంది. మందు పోయవలసిందే" అన్నారు పెద్దాయన. మందుడబ్బా అప్పటికే గట్టుమీదికి వచ్చింది. ప్రక్కనే మంచినీళ్ళ బావి.

నా వృత్తి అనువాదం. చూడటానికి ఒకేలా ఉండే రెండు మాటలు అర్థంలో ఎంత దూరమో ఎన్నోసార్లు అనుభవమైంది. అందుకే, "అయ్యా, కాస్త ఆగండి" అన్నాను.

ఫ్రెంచి కీటక పరిశీలకుడు జాఁ ఆన్రీ ఫాబ్ర్ 1879 - 1907 మధ్య పది సంపుటాలుగా వెలువరించిన గ్రంథాన్ని ఇంగ్లీషులో చదివాను. పువ్వులమీద వాలే ఒక జాతి పెంకుపురుగు పిల్లను గూర్చి ఆయన ఒక వింత వ్రాశాడు. దానికి ఆరు కాళ్ళున్నా వాటితో నడవదు. వెల్లకిల తిరిగి వీపుతో ప్రాకుతుంది. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఈ గడ్డమీద ఆ మాట నాకు అక్కరకు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

పది పురుగులను చదునైన బండమీద ఉంచాము. క్షణంలో ఏడు వెల్లకిల తిరిగి, కాళ్ళు ఆకాశానికెత్తి చకచక సాగిపోయాయి! ఇవి కుళ్ళిన పేడను, చెత్తను తిని ఎరువుగా మార్చే పురుగులు. బొటనవ్రేలికన్న లావైన మిగతా మూడు ప్రక్కకు ఒరిగి ముడుచుకొన్నాయి. అవి కొమ్ముపురుగు పిల్లలు. వీటి తిండి కూడా కుళ్ళిన పెంటే. కాని రెక్కలు వచ్చాక కొబ్బరిమొవ్వును తొలుస్తాయి. విచ్చుకొన్న ఆకు కత్తెరతో కత్తిరించినట్లు కనిపిస్తుంది. అసలు వేరుపురుగు చేని మట్టిలో ఉండి బ్రతికున్న వేళ్ళను తింటుంది, కాళ్ళమీదనే ప్రాకుతుంది. అది మాకు ఒక్కటీ కనబడలేదు.

ఇంతమాత్రాన జాతి నిశ్చయమైపోదు. తోక అడుగున ఉండే వెండ్రుకల వరుసను భూతద్దంలో చూచి నిపుణులు ఆ పని చేస్తారు. కాని మందు పోయాలా వద్దా అన్నది తేలడానికి ఆనాడు బండరాయి చాలింది.

పెద్దాయన కొమ్ముపురుగులను ఏరి కోళ్ళకు వేశారు. మిగతావాటిని కుప్పలోకే వదలి, మందుడబ్బాకు మూత బిగించారు.

"మాకు పురుగన్న ఒక్క పేరే తెలుసు బాబూ! అందుకే అన్నిటికీ ఒకటే మందు" అన్నారు, బావిలో చేద వేస్తూ.