గోడమీది దుప్పి

మా ఇంట్లో ఒక దుప్పి వుంది. అడవిలో తిరిగే దుప్పి కాదు లెండి, గోడమీది దుప్పి. మెడవరకే వుంటుంది. తక్కిన ఒళ్ళంతా గోడకి అవతల వంటింట్లో వుంటుందని మా అబ్బాయి చిన్నతనంలో గట్టిగా నమ్మేవాడు. రాత్రిళ్ళు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాలంటే నన్ను లేపేవాడు.

మా మామగారు వరంగల్లో వకీలు. 1958లో, వేటకి లైసెన్సులిచ్చే కాలంలో, స్నేహితులతో ఆదిలాబాదు అడవులకి వెళ్ళి కొట్టారట. ఆ తలని మైసూరు పంపించి, వాన్ ఇంజెన్ వారిచేత కూరించి తెప్పించారు. మహారాజుల పులులూ చిరుతలూ అన్నీ వాళ్ళ దగ్గరికే వెళ్ళేవి. కాగితం గుజ్జుతో అచ్చు పోసి, దానికి చర్మం తొడిగి, గాజుకళ్ళు పెట్టేవారు. వేటంటే నాకు గిట్టదు. కాపరానికొచ్చిన కొత్తలో ఆ గాజుకళ్ళు చూస్తే అన్నం సయించేది కాదు. కానీ చచ్చిపోయిన దుప్పిని రెండోసారి చంపుకోలేం కదా అని ఊరుకున్నాను.

మామగారు 1984లో పోయారు. అప్పటిదాకా గుమ్మం పైన వున్న దుప్పిని అత్తగారు చేతికందే ఎత్తుకి దింపించారట. రోజూ సాయంత్రం దీపం పెట్టి, హాల్లోకి వచ్చి, దాని నుదురు ఒక్కసారి నిమిరి వెళ్ళేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. 2016లో ఆవిడ పోయేనాటికి నుదుటిమీద వెంట్రుకలు పోయి చర్మం కనబడుతోంది.

ఆవిడ తరవాత దుప్పి బాధ్యత నాకొచ్చింది. కాగితాల బాధ్యత మావారిది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటివి ఇంట్లో వుంటే యాజమాన్యపు సర్టిఫికెట్ వుండాలి. వారసత్వంగా వస్తే తొంభై రోజుల్లోగా అటవీశాఖ వారికి తెలియజేయాలి. అమ్మడానికి వీల్లేదు. ఆ పని మావారు శ్రద్ధగానే చేశారు. నేను చేసిన సేవ వినండి. ప్రతి దసరాకీ దింపి తడిగుడ్డతో తుడిచేదాన్ని. ముక్కు ఎండిపోయిందని కొబ్బరినూనె రాసేదాన్ని. వానాకాలం పాత పేపర్లు చుట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి, నాలుగు కలరా ఉండలు పడేసి అటకెక్కించేదాన్ని. చెవి దగ్గర పగిలితే, ఊళ్ళో బొమ్మలు చేసే ఒకాయన్ని పిలిపించి గోడలకి పెట్టే లప్పం పెట్టించాను. ఆయన ఉత్సాహం కొద్దీ ముక్కుకి నల్ల ఎనామిల్ రంగు కూడా వేసి వెళ్ళాడు. అప్పట్నించీ మా దుప్పి ఇప్పుడే చెరువులో నీళ్ళు తాగి వచ్చినట్టుండేది.

కిందటి దసరాకి మా ఆడపడుచు కూతురు వచ్చింది. ఆ పిల్ల ఒక మ్యూజియంలో పాతవస్తువుల్ని బాగుచేసే ఉద్యోగంలో వుంది. నేను దుప్పిని దింపి గుడ్డ తడుపుతున్నాను. “అత్తయ్యా, ముందు చెయ్యి తియ్యండి!” అని కేకేసింది. దుప్పి మెడలో తేలు దూరిందేమో అనుకున్నాను.

తేలు నయం. పూర్వం చర్మాలకి పురుగు పట్టకుండా లోపల ఆర్సెనిక్ పూసేవారట. అంటే మన పాషాణమే! ఫ్రాన్సులో బెకూర్ అనే ఆయన పద్ధెనిమిదో శతాబ్దంలో పాషాణం కలిపిన సబ్బు కనిపెడితే, దాదాపు 1980ల దాకా ప్రపంచమంతా అలాంటివే వాడింది. అందుకని పాతకాలపుది ఏదైనా సరే, విషం వుందనే అనుకుని ముట్టుకోవాలట. దూదితో కాస్త దుమ్ము తీసి తను తెచ్చిన సరంజామాతో పరీక్ష చేస్తే, కాగితం పట్టీ పచ్చబడింది.

నా గుండె జారిపోయింది. కిందటి వేసవిలోనే మా మనవరాలు కుర్చీ ఎక్కి దాని ముక్కుకి ముద్దు పెట్టింది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు నిమిరారు! “అమ్మమ్మ ఎనభై ఆరేళ్ళు బతికింది, అత్తయ్యా. అలాగని మనం అలవాటు చేసుకోకూడదు. గ్లవుజులు, మాస్కు, తరవాత సబ్బుతో చేతులు. పిల్లలకి అందకూడదు. అంతే,” అంది ఆ పిల్ల.

ఆ తరవాత నా సేవ మీద విచారణ మొదలైంది. న్యూస్ పేపర్ చెక్క గుజ్జుతో చేస్తారు, అందులో ఆమ్లం వుంటుంది, కాగితం తను పచ్చబడుతూ తాకినదాన్ని కూడా పాడుచేస్తుంది. మామూలు అట్టపెట్టే అంతే. ఆమ్లం లేని టిష్యూ కాగితం, ఆమ్లం లేని అట్ట కావాలి. నేను తొడిగిన కవరు పి.వి.సి. అది పాతబడితే అందులోంచీ ఆమ్లపు ఆవిరి వస్తుందట. పాలిథిన్ అయితే ఆ బాధ లేదు. కానీ మన వానాకాలంలో ఏ ప్లాస్టిక్‌లోనైనా బిగించి కడితే లోపల చెమ్మకి బూజు పడుతుంది. గంజి తీసేసిన, చలవ చెయ్యని మల్లుగుడ్డ కప్పితే దుమ్ము పడదు, గాలి ఆడుతుంది.

ఇది వినగానే నాకు సిగ్గేసింది. కంచిపట్టు చీరని ఎవరైనా ప్లాస్టిక్ కవర్లో పెడతారా? ఉతికిన పాత పంచెలో చుట్టి పెట్టమని మా అమ్మ పెళ్ళికి ముందే నేర్పింది. చర్మమూ వెంట్రుకే కదా, పట్టుకి తెలిసిన నీతి దుప్పికి ఎందుకు తోచలేదో!

మెడ కింద ఎత్తుకి పరుపుల్లో వాడే స్పాంజి పెడదామన్నాను. అది కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలి అంటుకుంటుందట. గట్టి పాలిథిన్ నురుగుపలక కోసి పెట్టింది. పోనీ మంచి టేకు పెట్టె చేయిస్తానన్నాను. కొత్త చెక్కలోంచి, ప్లైవుడ్‌లోంచి కూడా ఆమ్లాలు వస్తాయి, రంగు కాల్చి పట్టించిన ఇనప అలమర నయమంది. కలరా ఉండలకి పూర్తిగా సెలవు. ఆ వాసన మనుషులకీ మంచిది కాదట. పురుగు పట్టిందని అనుమానమొస్తే మ్యూజియాల్లో పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన రెండువారాలు గడ్డ కట్టిస్తారు. “మన ఫ్రిజ్‌లో పట్టదూ?” అన్నారు మావారు. పాషాణం పక్కన పాలప్యాకెట్టు పెట్టే ఉద్దేశం నాకు లేదని చెప్పాను. అదృష్టవశాత్తూ దొరికినవి ఎప్పటివో ఎండిపోయిన పురుగు పొట్టులే.

తరవాత రంగు సంగతి వచ్చింది. కిటికీ ఎండకి ఒకవైపు వెలిసిపోయింది. మావారు లోపలికి వెళ్ళి తన తలకి వేసుకునే డై సీసా పట్టుకొచ్చారు! ఆ పిల్ల నవ్వలేక చచ్చింది. న్యూయార్కు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో వెలిసిపోయిన జంతువులకి 2011, 2012లలో మళ్ళీ రంగు వేసినప్పుడు, వెంట్రుకకి హాని చెయ్యని ఓరసాల్ అనే రంగుల్ని ఆల్కహాలులో కలిపి పల్చగా చిమ్మారట. మనకి అంత అవసరం లేదు, కిటికీకి ఎదురుగా లేకుండా గోడ మారిస్తే చాలు. పగుళ్ళకి మాత్రం సన్నని జపాను కాగితం, తరవాత ఎవరైనా ఊడదియ్యాలంటే ఊడొచ్చే జిగురు. రేపు ఇంతకంటే తెలిసినవాళ్ళు వస్తే వాళ్ళకి మన పని అడ్డు రాకూడదట. లప్పం గీకడానికి ఆ పిల్లకి రెండు పూటలు పట్టింది. ఎనామిల్ ముక్కు ఇంకా అలాగే వుంది, అది తీస్తే చర్మం కూడా వచ్చేస్తుందని వదిలేసింది.

అన్నీ అయ్యాక నేను అన్నాను, “తల్లీ, ఆ నుదుటిమీది బట్టతల సంగతి కూడా చూడు. వచ్చినవాళ్ళందరూ అదే చూస్తున్నారు.”

ఆ పిల్ల వంగి చూసింది. అదే రంగు రోమాలు తెచ్చి ఒక్కొక్కటే అతికించవచ్చు, కష్టమేమీ కాదంది.

“అది వద్దు,” అన్నారు మావారు.

పేపరు దించలేదు. నేను తెల్లబోయాను. చెవి, మెడ, రంగు, దేనికీ వద్దనని మనిషి. ఆయన తల్లి గురించి మాట్లాడి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు. ఆవిడ చెయ్యి అక్కడ పడేదని తెలిసీ, ఇన్నేళ్ళూ దాన్ని ఇంటిపనిలో ఒక లోపంలాగే చూసినందుకు నాకే ఏదోలా అనిపించింది. లేచి కాఫీ కలపడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల దుప్పికి ఒక కార్డు రాస్తోంది. వాళ్ళ పద్ధతిలో ప్రతి వస్తువుకీ ఒకటి వుండాలట, అదీ పెన్సిలుతోనే. ఎక్కడ పగిలింది, ఏం వాడాం, విషం వుంది జాగ్రత్త, అన్నీ రాసింది. నూలు తాడుతో పలక వెనకాల కట్టింది. కట్టకముందు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. అడుగున ఇలా వుంది: “నుదురు: అంగుళంన్నర మేర రోమాలు లేవు. కారణం: అమ్మమ్మ చెయ్యి. సరిచెయ్యరాదు.”