మీ అంకె ఎంత?

ఒకప్పుడు మనవాళ్ళు కొత్తవాడు కనిపిస్తే ఏ వూరు, ఎవరి తాలూకు అని అడిగేవారు. తరువాత తరువాత జీతమెంత అని అడగటం మొదలుపెట్టారు. మొన్న సంక్రాంతికి మా ఇంట్లో చేరిన కుర్రకారు పలకరింపులు వింటే ఆ రెండు ప్రశ్నలకూ కాలం చెల్లిందనిపించింది. "నీదెంత?" అంటాడొకడు. "1380" అంటాడు రెండోవాడు. వెంటనే మొదటివాడి ముఖం వికసిస్తుంది. వాడిది 1410 కాబోలు!

ఇది జీతమూ కాదు, పరీక్ష మార్కూ కాదు. సెల్‌ఫోనులో చదరంగం ఆడేవాళ్ళకు ఆటను నడిపేవారు కట్టే బలాబలాల అంకె. దాన్ని రేటింగంటారు.

మా చిన్నతనంలో చదరంగానికి ఈ అంకెల బాధ లేదు. వూళ్ళో అరుగు మీద ఆడేవాళ్ళు నలుగురో అయిదుగురో వుండేవారు. ఎవరు ఎవర్ని ఓడిస్తారో అందరికీ తెలుసు. "ఫలానా వారితో ఆడి డ్రా చేశాడుట" అంటే చాలు, అదే పెద్ద యోగ్యతాపత్రం. కాని ఈనాడు రాత్రి భోజనమయ్యాక పడకకుర్చీలో కూర్చుని ఫోను తెరిస్తే, అవతల బల్ల దగ్గర కూర్చునేవాడు ఏ బ్రెజిల్ వాడో, ఏ పోలెండు వాడో. వాడి ముఖం మనకు తెలియదు, మన వూరు వాడికి తెలియదు. ఇద్దరికీ జోడీ కుదర్చాలంటే ఏదో ఒక కొలత వుండాలి గదా! ఆ కొలతే ఈ అంకె.

ఈ కొలతను తయారుచేసినాయన పేరు ఆర్పాద్ ఈలో. చాలామంది ఈలో అంటే ఏవో మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలనుకుంటారు. కాదు, అది మనిషి ఇంటిపేరు. హంగరీలో 1903లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. స్వయంగా మంచి ఆటగాడు. విస్కాన్సిన్ రాష్ట్రానికి ఎనిమిదిసార్లు ఛాంపియన్. ఆయన లెక్కను అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించినై.

లెక్క చూస్తే భయపెట్టేట్టు వుంటుంది గాని, సారాంశం పందెం కాసేవాడికెవడికైనా తెలిసిందే. ఇద్దరి అంకెలూ సమానమైతే గెలుపు అవకాశాలూ చెరి సగం. ఒకాయన 200 పైన వుంటే, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున, నూరు ఆటల్లో ఆయనకు సుమారు 76 పాయింట్లు రావాలి. 400 తేడా వుంటే పదకొండింట పది ఆయనవే. ఇది ముందుగా వేసుకున్న అంచనా. ఆట అయ్యాక, అంచనాకు మించి తెచ్చుకున్నవాడికి అంకె పెరుగుతుంది, తక్కువ తెచ్చుకున్నవాడికి తరుగుతుంది.

ఒక్క ఆటకు ఎంత పెరగవచ్చునో దానికి ఒక హద్దు వుంటుంది. ఫిడేవారి పద్ధతిలో 2400 చేరని పెద్దవాళ్ళలో చాలామందికి అది 20. అంటే, సమానుణ్ణి గెలిస్తే 10 వస్తై, ఓడితే 10 పోతై. మనకంటె 200 ఎక్కువున్నవాణ్ణి గెలిస్తే 15 వస్తై, ఓడితే పోయేది 5 మాత్రమే. కొత్తవారికీ, 2300 దాటని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకూ ఆ హద్దు 40, ఒకసారి 2400 చేరినవారికి 10. పిల్లవాడి బలం నెలనెలా మారుతుంది గనక వాడి అంకె త్వరగా కదలాలి; ముదిరిన ఆటగాడిది నెమ్మదిగా కదిలినా నష్టం లేదు. ఇందులో ఎంత లోకజ్ఞానం వున్నదో చూడండి!

ఇంటర్నెట్ ఆటకు వచ్చేసరికి దీనికి మరొక మెరుగు పెట్టారు. మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు 1990లలో కల్పించిన పద్ధతి అది, గ్లికో అంటారు. చెస్.కామ్ దాని మొదటి రూపాన్ని వాడితే, లిచెస్ రెండో రూపాన్ని వాడుతుంది. ఈ పద్ధతిలో ప్రతివాడికీ రెండు అంకెలు వుంటై. ఒకటి బలం ఎంత అనేది. రెండోది ఆ మాట మీద లెక్కకు ఎంత నమ్మకం వుందనేది. లిచెస్‌లో కొత్తగా చేరినవాడికి 1500 ఇచ్చి, పక్కన ఒక ప్రశ్నార్థకం తగిలిస్తారు. "ఈయన సంగతి మాకింకా సరిగా తెలియదు" అని దాని అర్థం. మొదటి ఆటలకు అంకె వందలకు వందలు ఎగిరిపడి, పోనుపోను కుదుటపడుతుంది. అప్పుడు ప్రశ్నార్థకం తొలగిపోతుంది. చాలాకాలం ఆడకుండా కూర్చుంటే మళ్ళీ నమ్మకం సడలుతుంది.

ఇక్కడ ఒక సంగతి కుర్రవాళ్ళు తరచు మరిచిపోతారు. వెనక మన జిల్లాల్లో ఒక వూరి కుంచానికీ ఇంకో వూరి కుంచానికీ పొత్తు కుదిరేది కాదు. ఈ అంకెలూ అంతే. లిచెస్ 1700, చెస్.కామ్ 1700, ఫిడే 1700 మూడూ మూడు కుంచాలు. ఏ గుంపులో ఆడాడో ఆ గుంపులోనే ఆ అంకెకు విలువ. ఒకేచోట కూడా నిమిషంలో ముగిసే బులెట్ ఆటకు వేరు, మూడు నుంచి అయిదు నిమిషాల బ్లిట్జ్‌కు వేరు, పది నిమిషాల రాపిడ్‌కు వేరు అంకెలు. వేలు చురుకైనవాడు బులెట్‌లో నెగ్గుతాడు, నిదానించి ఆలోచించేవాడు రాపిడ్‌లో నెగ్గుతాడు. పైగా, ఫోనులో ఎంత అంకె వున్నా దానివల్ల ఎవరూ గ్రాండ్‌మాస్టర్ కారు. ఆ బిరుదుకు మామూలుగా ఫిడే రేటింగు 2500 చేరాలి, ఆపైన నిర్ణీతమైన పోటీల్లో నెగ్గుకురావాలి. మన వరంగల్ కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో అందుకున్న 2801 ఆ కుంచంతో కొలిచిందే. భారతదేశంలో అంతకుముందు 2800 దాటినవాడు ఒక్క విశ్వనాథన్ ఆనంద్.

ఇక అసలు సంగతికి వస్తాను. మా మేనల్లుడు ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. రెండేళ్ళు కష్టపడి ఆడి 1500 అంకె చేరాడు. ఆ రోజున ఇంట్లో మిఠాయి కూడా పంచాడు. ఆ తరువాత ఆట మానేశాడు! నాలుగు నెలలుగా ఇతరుల ఆటలు చూస్తాడు, విమర్శిస్తాడు, ఎత్తులు చెబుతాడు, తాను మాత్రం ఒక్క బంటు కదపడు.

"ఏంరా, ఆడవేం?" అన్నాను.

"ఇప్పుడు ఆడితే తగ్గిపోతుంది మావయ్యా" అన్నాడు.

ఒకప్పుడు గుర్రం పోతే పగలబడి నవ్వినవాడు, పరుగున వచ్చి "చూడు, ఎలా మోసపోయానో" అని చూపించినవాడు, ఇప్పుడు ఆ అంకెను ఇనప్పెట్టెలో నగలాగా దాచుకున్నాడు. నాకు మనసులో కలుక్కుమన్నది.

అదే ఇంట్లో మా పెదనాన్నగారున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒకనాడు మా వూరి అరుగు మీద ఆయనకు ఎదురులేదు. ఆయన ఏనుగు కదిలిందంటే అవతలివాడి రాజుకు దిన గండం. రెండేళ్ళ క్రితం మనవడు ఫోనులో ఆట పెట్టి ఇస్తే 1350 దాకా వెళ్ళారు. ఈ ఏడాదిలో 1100కు దిగారు. ఆయన కుమారుడు, అంటే మా అన్నయ్య, దిగులుపడి నాతో రహస్యంగా చెప్పాడు: "నాన్నకు జ్ఞాపకశక్తి తగ్గుతోందేమోరా. ఆ అంకె చూసుకుని కుంగిపోతారేమో. ఫోను కొన్నాళ్ళు దాచేద్దామా?"

పెద్దాయన చెవులు మాత్రం చురుకే. పక్క గదిలోంచి, "ఒరే అబ్బాయిలూ, ఇలా రండి" అని పిలిచారు.

"అరుగు మీద నాతో ఆడినవాళ్ళు నలుగురూ పోయార్రా. చివరివాడు పోయాక మూడేళ్ళు బల్ల పరచలేదు. ఇందులో చూడండి, నా అంకె ఎంత దిగినా అవతల నాకు ఈడైనవాడు ఒకడు కూర్చునే వుంటున్నాడు. ఎక్కినప్పుడూ సగం గెలిచాను, దిగాకా సగం గెలుస్తున్నాను. మీకేమిటి నొప్పి?"

మేము మారు మాట్లాడలేదు. ఆ మాటలో లెక్కల పుస్తకాలు చెప్పే సత్యమంతా వున్నది. ఆటను నడిపే యంత్రం ఎవరికి వారి సమానుణ్ణే వెతికి ఎదుట కూర్చోబెడుతుంది. అంచేత 1100 వాడూ, 2000 వాడూ ఇంచుమించు సగం గెలిచి సగం ఓడుతూనే వుంటారు. అంకె పెరిగినంతమాత్రాన గెలుపులు పెరగవు. ఎదుటివాడు గట్టివాడవుతాడు, అంతే. మెట్లెక్కినకొద్దీ గాలి హాయిగా వుంటుందేమో గాని, పై మెట్టు మీద పరుపు వేసి వుండదు.

మేనల్లుడు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. సాయంత్రం తనే ఫోను తీసుకుని తాతగారి దగ్గర కూర్చున్నాడు. అంకెతో నిమిత్తం లేని ఆటలు కూడా అందులో వుంటై. అటువంటివి మూడు ఆడుకున్నారు. రెండు తాతగారు గెలిచారు. వాడి 1500 ఏమీ చెక్కుచెదరలేదు గాని, దాని మీద వాడికున్న భక్తి మాత్రం కొంత చెదిరింది. మరునాటినుంచి అసలు ఆటలే మొదలుపెట్టాడు. ఇప్పుడు 1460 దగ్గర వున్నాడని విన్నాను. గుర్రం పోగొట్టుకున్న కథలు మళ్ళీ ఫోనులో చెబుతున్నాడు.

అంకె అబద్ధమని నేననను. నూరు ఆటల మీద అది ఇంచుమించు నిజమే చెబుతుంది. ఒక్క ఆట మీద మాత్రం దానికి అధికారం లేదు. 2025 జూలైలో బాతుమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో మన కోనేరు హంపి ఎదుట కూర్చున్నది నాగపూరుకు చెందిన పందొమ్మిదేళ్ళ దివ్యా దేశ్‌ముఖ్. హంపి 2002లోనే, పదిహేనేళ్ళకే, గ్రాండ్‌మాస్టర్ అయిన దిట్ట. రేటింగులోనూ ఆమెదే పైచెయ్యి. గెలిచింది మాత్రం దివ్య. అంకెలే ఆటలు ఆడేట్టయితే ఇక మనుషులు కూర్చోవటం దేనికి?

ఏటేటా జవాబు పత్రాలు దిద్దేవాణ్ణి గనక మార్కుల సంగతి నాకు కొంత తెలుసు. ఒక కుర్రవాడికి జ్వరం తగిలిన రోజున 34 వేస్తే ఆ 34 వాడి కాగితాల మీద ఏళ్ళ తరబడి వుండిపోతుంది. వాడు ఆ తరువాత ఎంత చదివినా అది కదలదు. ఈలోగారి అంకె అటువంటిది కాదు. నిన్నటి మాటను ఇవాళ తనే దిద్దుకుంటుంది. ఆడేవాణ్ణి చూసి, "అలాగా, నువ్వు మెరుగయ్యావా? అయితే నేనే పొరబడ్డాను" అని ఒప్పుకుంటుంది. అంత మర్యాదగల కొలత మన లోకంలో ఎక్కడున్నది? దానికి కావలసిందల్లా ఒక్కటే. ఆడుతూ వుండాలి. ఆట మానేసి దాచుకున్నవాడి దగ్గర అంకె మాత్రం మిగులుతుంది. అది కూడా పాతబడుతుంది.

అందుచేత మీ ఇంట్లో చదరంగం ఆడే పిల్లలుంటే, బడినుంచి రాగానే "ఇవాళ నీదెంత?" అని అడగకండి. "ఇవాళ ఏ ఎత్తు బాగా వేశావు?" అని అడగండి. వాళ్ళు చెప్పేది సగం మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని వినండి.