నలభై పోగుల వైరు

నేరేడుచర్లలో మిర్యాలగూడ రోడ్డు పక్కన ఒక రేకుల కొట్టు ఉండేది. బోర్డు లేదు. లోపల ఒక చెక్క బల్ల, ఒక బొగ్గుల కుంపటి, గోడ నిండా మేకులు. మేకులకు ఎరుపు, పచ్చ, నలుపు, గోధుమ రంగుల వైరు చుట్టలు వేలాడేవి. బండి లైటు వెలగకపోతే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా అక్కడికే వచ్చేవాళ్లు. కొట్టాయన్ని అందరూ మేస్త్రి అనే పిలిచేవాళ్లు.

మా నాయనకు ఎజ్డీ ఉండేది. మైసూరులో తయారైన మోటారుసైకిలు. అది 6 వోల్టుల కాలం. ఇంజను నెమ్మదిస్తే హెడ్‌లైటు దీపపు వత్తిలా ఎర్రబడేది, రేజ్ చేస్తే తెల్లబడేది. 'బండికి ఊపిరాడుతున్నది' అనేవాడు నాయన.

ఒక జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోయి రాత్రి తిరిగొస్తున్నాం. మూలమలుపు దగ్గర లైటు ఒక్కసారిగా పోయింది. ముందు ఎడ్లబండి ఉందని గంటల చప్పుడుకే తెలిసింది. నాయన రెండు కాళ్లూ నేలకు ఆనించి, బండిని పక్కనున్న మడిలోకి దింపేశాడు. దెబ్బలు తగల్లేదు. తప్పు నాది. రెండు రోజుల ముందు హెడ్‌లైటు వైరు తెగితే, ఇంట్లో పడి ఉన్న టేప్‌రికార్డరు వైరు ముక్కను మెలిపెట్టి టేపు చుట్టింది నేనే.

తెల్లారి మేస్త్రి ఆ టేపు విప్పాడు. అది వేడికి జిగురైపోయి వేళ్లకు అంటుకుంది. లోపల రాగి నల్లబడింది. నన్ను తిట్టలేదు. వైరు కొన గోటితో ఒలిచి, పోగులు విప్పి అరచేతిలో పరిచాడు.

"లెక్కవెట్టు తమ్మీ."

పద్నాలుగు.

"సాగర్ కాల్వ జూసినవు గదా. పైన ఎన్ని నీళ్లిడిసినా పిల్లకాల్వ సన్నగుంటే ఆఖరు మడికి అందయి. కరెంటు గూడ గంతే."

సాగర్ ఎడమ కాల్వ చివరి భూముల వాళ్లకు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. తర్వాత చదువుకున్నాక లెక్క వేసుకున్నాను. 35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది; 12 వోల్టుల మీదైతే 3 చాలు. 14/36 వైరు, అంటే 36 గేజీ పోగులు 14 ఉన్నది, పోనూ రానూ 3 మీటర్లుంటే ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. 40/36 అయితే పావు వోల్టే. వోల్టేజీ పదో వంతు తగ్గితే బల్బు వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. మేస్త్రికి ఈ అంకెలు అక్కర్లేదు. వైరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి 'ఇది లైటుకు, ఇది ఇండికేటరుకు' అని పక్కన పెట్టేవాడు.

ఆయన అతుకు వేయడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు స్లీవు ఎక్కించేవాడు. అది మర్చిపోతే మళ్లీ అంతా విప్పాలి. బుల్లెట్ కనెక్టరులో పోగులన్నీ దూర్చి, ప్లయరుతో నొక్కి, కుంపట్లో కాలిన రాగి కడ్డీతో కొనకు ఒక్క చుక్క మాటు వేసేవాడు. రోజను పొగ గుప్పుమనేది. ఒక్క చుక్కే. మాటు వైరులోకి పాకితే పోగులు బిర్రుగా అవుతాయి, బండి అదురుకు సరిగ్గా ఆ అంచునే తెగుతాయి. చివరికి అతుకు ఊగకుండా ఫ్రేముకు దారంతో కట్టేవాడు. ఎర్తు వైరు కింద ఫ్రేము రంగును ఉప్పుకాగితంతో గీకి, ఇనుము తెల్లగా మెరిశాకే బోల్టు బిగించేవాడు. మా వైపు బండ్లు పొలం బురదలో తిరిగేవి. సగం రోగాలు ఎర్తులోనే ఉండేవి.

ఆ రోజు తీసుకున్న డబ్బు వైరుకే. చేతికూలి నాయన ఇవ్వబోతే, పిల్లగాడు నేర్చుకున్నడు చాలు అన్నాడు.

మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బండ్లన్నీ 12 వోల్టులకు మారాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు స్విచ్చే లేదు, ఇంజను తిరిగితే లైటు వెలుగుతుంది. వైరు తెగితే ఇప్పుడు కిట్టు మొత్తం మారుస్తున్నారు. మంచిదే, పని తొందరగా అవుతుంది. కానీ అరచేతిలో పోగులు పరిచి లెక్కపెట్టమనే మనిషి ఇప్పుడు లేడు. ఆ కొట్టూ లేదు, ఆ కుంపటీ లేదు.

ఎజ్డీ మా కొట్టంలో ఉంది. మేస్త్రి వేసిన ఆ అతుకు ఇంకా ఊడలేదు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, వానాకాలం వచ్చేలోపు ఒక పని చేయండి. వెనక లైటు హోల్డరు విప్పి చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే వైరును రాగి మెరిసేదాకా వెనక్కి కోసి, కొత్త కనెక్టరు వేయించండి. చీకట్లో మీ వెనక వచ్చేవాడికి మీరు కనబడాలి.