ఆటుపోట్ల తోటలో... బాతుల కొలువు

ఒకప్పుడు అక్కడ చిన్న కన్నంలోంచి బాతులవైపు చూసింది వేటగాళ్లు. ఇప్పుడు చూస్తున్నది కెమెరా పట్టుకున్నవాళ్లు. టోక్యో నడిబొడ్డున, సముద్రపు నీటితో నిండే హమారిక్యూ తోట కథ ఇది.

జపాన్ తోట అనగానే మనకు గుర్తొచ్చేవి... నాచు పట్టిన రాళ్లు, వంపు తిరిగిన వంతెన, నీళ్లలో ఎర్రగా తెల్లగా మెరిసే కోయి చేపలు. హమారిక్యూలో రాళ్లున్నాయి, వంతెనలున్నాయి. కానీ, పెద్ద చెరువులో కోయి చేపలు మాత్రం కనిపించవు. ఎందుకంటే ఆ నీళ్లు ఉప్పన! టోక్యో అఖాతంలోని నీరే లాకుల గుండా లోపలికి వస్తుంది, వెనక్కి పోతుంది. సముద్రానికి పోటొస్తే చెరువు నిండుతుంది. ఆటు వేళకు గట్టు రాళ్లు బయటపడతాయి. ఉదయం చూసిన చెరువు మధ్యాహ్నానికి మరోలా ఉంటుంది. పాతకాలపు ఎదో నగరంలో (టోక్యోకు అప్పటి పేరు అదే) ఇలాంటి తోటలు ఇంకా ఉండేవి. ఇప్పటికీ సముద్రపు నీటితో నడుస్తున్నది నగరంలో ఇదొక్కటే.

చేతిలో కెమెరా ఉన్నవాళ్లకు ఇంతకుమించి ఏం కావాలి? ఒకే చోట నిలబడి, కాలు కదపకుండా, ఒకే చెరువును నాలుగు రకాలుగా తీయొచ్చు.

సముద్రాన్ని పూడ్చి...

ఇప్పుడు తోట ఉన్న చోటు ఒకప్పుడు రెల్లు పెరిగే తీరం. షోగున్‌లు డేగలతో వేటాడేందుకు వచ్చేవారు. 1654లో నాలుగో షోగున్ తమ్ముడు మత్సుదైరా త్సునషిగె అక్కడ సముద్రాన్ని కొంత పూడ్పించి విడిది కట్టుకున్నాడు. ఆయన కొడుకు ఇయెనోబు తర్వాత ఆరో షోగున్ కావడంతో ఆ విడిది ఏలికల సొంతమైంది. ఆయన హయాంలో, 1709లో నాటిన నల్ల దేవదారు ఇప్పటికీ ప్రధాన ద్వారం దగ్గరే ఉంది. మూడొందల ఏళ్ల చెట్టు కదా, ఆకాశంలోకి పెరిగి ఉంటుందనుకుంటాం. కాదు... కొమ్మల్ని నేలబారుగా చాచి, ఊతకర్రల మీద చేతులు ఆన్చిన తాతయ్యలా ఉంటుంది.

ఈ తోటకు ఓ ఏనుగు కూడా అతిథిగా వచ్చింది! ఎనిమిదో షోగున్ యోషిమునె కోసం వియత్నాం నుంచి ఓడలో నాగసాకి చేరిన ఏనుగు, అక్కణ్నుంచి నడుచుకుంటూ 1729లో ఎదోకు వచ్చింది. పన్నెండేళ్లపాటు ఇక్కడే ఉంది. 1879లో అమెరికా మాజీ అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్, మెయిజీ చక్రవర్తి మాట్లాడుకున్నది కూడా ఈ చెరువు మధ్యనున్న టీ గృహంలోనే. 1923 భూకంపం, ఆ తర్వాత యుద్ధంలో కురిసిన బాంబులు కట్టడాల్ని బూడిద చేశాయి. 1946 ఏప్రిల్‌లో తోట మామూలు జనానికి తెరుచుకుంది. ఇప్పుడు కనిపించే టీ గృహాలన్నీ మళ్లీ కట్టినవే. వాటిలో ఒకదాని పేరు డేగ, ఇంకోదాని పేరు వానకోయిల!

నీటిని తీయాలంటే...

అరవై ఎకరాలకు పైగా ఉన్న తోటలో నీటికి అసలైన అందం ఉదయం పూటే. తొమ్మిదింటికి గేటు తీస్తారు. ఆ వేళకు గాలి తక్కువ. దేవదార్లు, 118 మీటర్ల చెక్క వంతెన, దాని చివర టీ గృహం, వెనక షియోదోమె ప్రాంతపు అద్దాల మేడలు... అన్నీ తలకిందులుగా నీళ్లలో ఉంటాయి. చాలామంది మేడలు పడకుండా ఫొటో తీయాలని తంటాలు పడుతుంటారు. నిజానికి ఈ తోట ప్రత్యేకతే అది. పై సగంలో టవర్లు, కింది సగంలో ఓ కొంగ. ఏది తీసేసినా ఆ ఫొటో ఏ ఊరిదో తెలీదు.

నీడలు కావాలనుకుంటే పోలరైజర్ ఫిల్టర్ తీసి సంచిలో వేసేయాలి. అది నీటి మీది మెరుపును కోసేస్తుంది, దాంతోపాటే ప్రతిబింబాన్నీ. గట్టు రాళ్ల మీద పాకే పీతల్ని తీయాలంటే మాత్రం అదే ఉపయోగం. ఆటు వేళకు లాకుల దగ్గరి రాళ్ల మీద ఆల్చిప్పలూ పీతలూ బయటపడతాయి. అందుకే ఇక్కడికొచ్చేవాళ్లు వాతావరణంతోపాటు ఆటుపోట్ల వేళలు కూడా చూసుకుని రావడం మంచిది.

తెల్ల కొంగ దగ్గర కెమెరా మోసపోతుంది. చుట్టూ ముదురు నీళ్లు చూసి వెలుతురు చాల్లేదనుకుని ఎక్కువ తీసుకుంటుంది. కొంగ కాస్తా సున్నం ముద్దయిపోతుంది! ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గిస్తే ఈకలు విడివిడిగా వస్తాయి. నారాయణ పక్షికి ఆ ఇబ్బంది లేదు. బూడిదరంగు ఒళ్లు, గంటసేపైనా కదలని ఒంటికాలి తపస్సు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి గురువు లేదు. లకుముకి పిట్ట దానికి సరిగ్గా వ్యతిరేకం. నీలం గీతలా కనిపించి మాయమవుతుంది. అది మన కాల్వగట్ల మీద కనిపించే చిన్న లకుముకే, జాతి కూడా అదే.

వేటగాడి కన్నం

అసలు విశేషం చెట్ల వెనక దాగున్న రెండు చిన్న చెరువులు. ఒకటి 1778లో, రెండోది 1791లో బాతుల వేటకోసం ఏర్పాటు చేసినవి. చుట్టూ ఎత్తైన గట్టు, దాని మీద దట్టంగా వెదుళ్లూ చెట్లూ. మనిషి అలికిడి లోపలికి వినపడదు. చెరువులోంచి సన్నటి బోదెలు బయటికి తవ్వారు. ఓ గుడిసె గోడకు పెట్టిన కన్నంలోంచి వేటగాడు లోపలికి చూసేవాడు. చెక్కను టకటక కొట్టి, గింజలు వేస్తే పెంపుడు బాతులు బోదెలోకి ఈదుకుంటూ వచ్చేవి. మన పల్లెల్లో వేటగాళ్లు వాడే దీమం పిట్టల్లాంటివన్నమాట. వాటిని నమ్మి అడవి బాతులూ వచ్చేవి. అంతే... గట్టు చాటున పొంచి ఉన్నవాళ్లు వలలతో పట్టేసేవారు. తప్పించుకున్నవాటి మీదికి డేగల్ని వదిలేవారు.

అలా చనిపోయిన బాతుల ఆత్మశాంతి కోసం 1935లో తోటలోనే ఒక స్మారకశిల నిలబెట్టారు. చూడ్డానికి చిన్నదే. చాలామంది పక్కనుంచే వెళ్లిపోతారు. కానీ, దాని ముందు నిలబడి తర్వాత ఆ గుడిసె దగ్గరికెళితే మాత్రం మనసు అదోలా అవుతుంది. కన్నం అదే. అందులోంచి కనిపించే నీళ్లూ అవే. కెమెరా లెన్స్ ఆన్చడానికి కూడా సరిగ్గా సరిపోతుంది. ‘గురి’, ‘షాట్’ అంటూ ఫొటోగ్రాఫర్లు వాడే మాటలు కూడా వేటగాళ్లవే కదా!

చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే బాతులకు ఈ తోట విడిది. తలవెనక జుట్టుముడిలాంటి పింఛమున్న నల్లబాతులు, తుప్పురంగు తలల బాతులు నీళ్ల మీద గుంపులుగా కునుకు తీస్తుంటాయి. ఈ జాతులు చలికాలంలో మన దేశపు చెరువులకూ వస్తాయి. పగలు నిద్రపోయి, రాత్రి మేతకు వెళ్లడం వాటిలో చాలావాటి అలవాటు. అంటే మనం చూసేది వాటి పడకగది!

మేం వెళ్లిన రోజు గట్టు మీద నలుగురైదుగురు కెమెరాలతో ఉన్నారు. బాతులు ఎంతకీ లేవకపోవడంతో ఓ యువకుడు విసుగొచ్చి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఒక్కసారిగా గుంపంతా లేచింది. నీళ్లు చిమ్ముతూ, రెక్కల మోతతో... నిజంగా గొప్ప దృశ్యం. అందరి షట్టర్లూ టకటకలాడాయి. ఒక్క పెద్దాయన మాత్రం కెమెరాను కిందికి దించేశాడు. ఏమీ అనలేదు. బాతులు మళ్లీ వచ్చి వాలేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు. అవి వాలాక, రెక్కలు సర్దుకుంటున్న ఒక్క బాతును తీసుకుని, నీళ్లవైపు చిన్నగా తల వంచి వెళ్లిపోయాడు.

చప్పుడు చేసి లేపిన ప్రతిసారీ ఆ పక్షి తిన్న తిండిలో కొంత వృథా అవుతుంది. వసంతంలో తిరుగు ప్రయాణానికి దాచుకోవాల్సిన బలం అది. కొల్లేరులో పడవ ఆపి ‘హే’ అని అరిచేవాళ్లూ, పులికాట్ ఒడ్డున రాజహంసల్ని లేపేందుకు పరుగులు తీసేవాళ్లూ కాస్త ఆలోచించాల్సిన విషయమిది. కాసేపు ఓపిక పడితే బాతు తనంతట తానే లేస్తుంది. ముందుగా తల పైకెత్తి, అటూ ఇటూ ఆడిస్తుంది. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు పెట్టుకోవడానికి ఆ కాస్త సమయం చాలు.

వెళ్లాలంటే...

షియోదోమె స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లేంత దూరమే. పెద్దలకు టికెట్ 300 యెన్‌లు. సాయంత్రం అయిదుకు మూసేస్తారు, నాలుగున్నర తర్వాత లోపలికి పంపరు. డిసెంబరు 29 నుంచి జనవరి 1 వరకూ సెలవు. బాతుల కోసమైతే చలికాలం, మార్చి వేళకైతే పసుపు తివాచీ పరిచినట్టుండే ఆవపూల తోట. అలసిపోతే చెరువు మధ్యనున్న టీ గృహంలో చాప మీద కూర్చుని చిక్కటి ఆకుపచ్చ మాచా టీ తాగొచ్చు, తోడుగా ఓ తీపి పదార్థం కూడా ఇస్తారు. కిటికీలోంచి చూస్తే నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో తెలుస్తుంది. తొందరపడి కప్పు ఖాళీ చేయకండి... పోటు వచ్చేదాకా కూర్చుంటే చెరువు మీకోసం ఇంకో ఫొటో సిద్ధం చేసి ఉంచుతుంది.